కరెంటు లేని గంట

పంతొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం నవంబరు పదవ తేదీ ఆదివారం నాడు, పాలమూరు పట్టణంలో నా ఇంటి ముందుగదిలో హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు. మొదట జానమ్మ: కోస్గి దగ్గరి క్వారీలో తొమ్మిదేళ్ల క్రితం పేలుడులో మరణించిన మల్లన్న భార్య. రెండవవాడు యోహాను: ఆ ప్రాంతపు సబ్‌స్టేషనులో ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాడు. మూడవవాడు ఐలేశం: ఆనాడు మందుగుండు పేల్చిన మనిషి, జానమ్మకు తోడబుట్టిన అన్న. చివర, పదకొండున్నర దాటిన తర్వాత, మెహమూద్: క్లాక్ టవర్ పక్కన గడియారాలు, రేడియోలు బాగుచేసే దుకాణం యజమాని. గృహస్థుణ్ణి గనుక నా పేరు అందరి తర్వాత రాస్తున్నాను: రామచంద్రయ్య, కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి.

కూర్చున్న వరుస వేరు. నేను వేయించిన కుర్చీల్లో యోహాను ఒక్కడే కూర్చున్నాడు. జానమ్మ గడప మీద, వీధివైపు ముఖం పెట్టి కూర్చుంది. ఐలేశం ఆమె కంట పడని మూల వెతుక్కుని గోడకు ఆనుకున్నాడు. మెహమూద్ నిలబడే ఉన్నాడు. గది మధ్య బల్ల మీద గడియారం ఉంది.

ఇంతవరకు తెలిసినదాన్ని ఒకసారి క్రమంలో పెట్టుకోవడం అవసరం. పంతొమ్మిది వందల ఎనభై ఏడు జూన్ పదమూడవ తేదీ, శనివారం. ఆ మధ్యాహ్నం కరెంటు లేక క్వారీలో సైరన్ మోగలేదు. సైరన్ మోగని రోజున చేతి గడియారం చూసుకుని సరిగ్గా ఒంటి గంటకు పేల్చాలని, ఆ లోపల అందరూ అడ్డుగోడ వెనుకకు చేరాలని అక్కడి నియమం. పేలుడు జరిగేసరికి మల్లన్న ఇంకా గుంతలోనే ఉన్నాడు. ఆరు కిలోమీటర్ల దూరంలోని భూకంప నమోదు కేంద్రంలో, ఆ కంపనం పన్నెండు గంటల యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లకు కాగితం మీద పడింది. అంటే ఐలేశం ఎనభై సెకన్లు తొందరపడ్డాడని విచారణలో తేల్చారు. తన గడియారంలో ఒంటి గంట అయిందని అతను చెప్పిన మాటకు విలువ రాలేదు. యంత్రం ముందు చేతి గడియారం ఏపాటిది? ఆ యంత్రం తప్పు చూపదని పరీక్షించి సంతకం చేసినవాణ్ణి నేను.

ఐలేశం రెండేళ్లు జైలులో ఉన్నాడు. బయటికి వచ్చాక చెల్లెలు పలకరించలేదు. అంతకన్న దారుణమైనది మరొకటి జరిగింది: అతను కూడా నా సంతకాన్ని నమ్మాడు. ప్రతిరోజూ మధ్యాహ్నం పని ఆపి, కళ్లు మూసుకుని, ఒకటి నుంచి ఎనభై వరకు లెక్కపెడతాడని అతని ఊరివాళ్లు చెప్పారు.

ఆ కేంద్రం మూతపడి, దాని గడియారం పాత సామాను దుకాణం నుంచి నా ఇంటికి వచ్చి మూడు నెలలయింది. రేకు పెట్టె, ముందువైపు ఎర్రటి ఆరు అంకెలు. దానికి చప్పుడు లేదు. అయినా ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఊపిరి బిగబట్టి నా కోసం ఎదురుచూస్తున్నట్టుండేది. కిందటి నెల దాని మూత విప్పి, లోపలి చిప్ మీద ‘రెండవ కూర్పు’ అని రాసి ఉన్న చీటీని పీకినప్పుడు, దాని కింద మరొక చీటీ కనిపించింది. దాని మీద ‘నాలుగవ కూర్పు’ అని ఉంది.

ఈ తేడా ఏమిటో చెప్పాలి. ఆ కంపెనీ ఈ గడియారాన్ని ఒకే పెట్టెలో రెండు రకాలుగా తయారుచేసింది. కరెంటు ఉన్నంతసేపు రెండు రకాలనూ ఒకే పెద్ద స్ఫటికం నడుపుతుంది. కరెంటు పోతే బ్యాటరీ మీద ఒక చిన్న స్ఫటికం అందుకుంటుంది. పాత రకంలో ఆ చిన్నది సెకనుకు ముప్పై రెండు వేల సార్లు కంపిస్తుంది. కొత్త రకంలో ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది సార్లు. చిప్‌లోని ప్రోగ్రాం ఆ కంపనాలను లెక్కపెట్టి, సంఖ్య నిండగానే ఒక సెకను అయిందని చెబుతుంది. రెండవ కూర్పు పాత రకం కోసం రాసింది, నాలుగవది కొత్త రకం కోసం. నా బల్ల మీద ఉన్నది పాత పెట్టె. దానిలో ఉన్నది కొత్త ప్రోగ్రాం. కరెంటు లేనప్పుడు అది ప్రతి సెకనుకూ రావలసినదానికన్న ఎక్కువ కంపనాల కోసం కాచుకుని కూర్చుంటుంది. గంటకు ఎనభై నాలుగు సెకన్లు వెనుకబడుతుంది. సోమవారం ఉదయం సిబ్బంది దాన్ని మళ్లీ సరిదిద్దుతారు. నేను పరీక్షించింది మంగళవారం, కరెంటు ఉండగా.

కాగితం మీద లెక్క ఇంతే. అయితే ఒక లోటు ఉంది. ఆ చిప్‌ను ఎప్పుడు మార్చారు? పేలుడు తర్వాత ఏ పాత సామాను వ్యాపారో మార్చి ఉంటే నా లెక్కకు అర్థం లేదు. రెండు వారాల క్రితం మెహమూద్‌ను అడిగితే తనకు యాది లేదన్నాడు.

యోహాను సంచిలోంచి అట్ట చినిగిన డైరీ తీశాడు.

"గిదుగో సారు. పదమూడు, ఆరు, ఎనభై ఏడు. పన్నెండు గంటలకు లైన్ బంద్. ఒకటి ముప్పై అయిదుకు చాలూ. క్వారీకి, గా భూకంపం స్టేషన్‌కు ఒక్కటే లైన్."

"పన్నెండంటే సరిగ్గా పన్నెండేనా?"

"నిమిషం అటిటు ఉంటది. నా చేతి గడియారమే గద."

"నిమిషం తేడా వచ్చినా నా లెక్కలో సెకనున్నరకు మించి మారదు."

"అయితె రాసుకోండ్రి." యోహాను కుర్చీలో వెనక్కి వాలాడు. "ముప్పై ఏండ్లు కరెంటు తీసిన సారు. తీసినందుకు తిట్టినోళ్లే గని, పిలిచి కుర్సీ ఏసినోళ్లు మీరే."

షార్ట్‌వేవ్ రేడియోలో ఢిల్లీ కాలసంకేతం సన్నగా వినిపిస్తోంది: సెకనుకొక చుక్క, నిమిషానికొక పొడుగు కూత. గడియారాన్ని దానితో సరిచూసి, పన్నెండుకు ప్లగ్గు తీయమని ఐలేశాన్ని అడిగాను. నా ఉద్దేశం మంచిదే. అతను కుడిచేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు.

"వద్దు సారూ."

గడప మీంచి జానమ్మ తల తిప్పకుండానే అంది: "ఆ చేతితోని మళ్ల ఏది ముట్టనియ్యకుండ్రి."

పొడుగు కూత రాగానే యోహాను లేచి ప్లగ్గు పీకాడు. ఎర్రటి అంకెలు ఒక్కసారి వణికి, మసకబారి, మళ్లీ నడవడం మొదలుపెట్టాయి.

మిగిలినది ఎదురుచూడటమే. మొదటి పది నిమిషాల్లో తేడా పద్నాలుగు సెకన్లు. నేను దాన్ని గట్టిగా చదివాను. ఐలేశం తల ఎత్తలేదు. నేను మెహమూద్ వైపు తిరిగాను.

"మెహమూద్ గారూ, చిప్ మీది పై చీటీని అంటించింది జిగురుతో కాదు, లక్కతో. రేడియో పనిలో లక్క వాడరు. గడియారాల పనిలో వాడతారు."

"పాలమూరుల లక్క నా ఒక్కడి దుకాణంలనే దొరుకుతదా సాబ్?"

"కాదు. కాని ఆ కేంద్రంవారు తమ పరికరాలు మీ దగ్గరికే పంపేవారని వారి రిజిస్టరులో ఉంది."

"శాన పంపిండ్రు. రేడియో పంపిండ్రు, ఫ్యాన్ పంపిండ్రు. యాద్ లేదని మీకు మొన్ననే చెప్పిన." ఆయన గొంతు మర్యాదగానే ఉంది. చేతులు మాత్రం అంగీ జేబుల్లోంచి బయటికి రాలేదు. "అరవై రెండేండ్లు వచ్చినయి. ఊరంత నా చేతికి గడియారాలు ఇడిచి పోతరు, చీటీ గూడ అడగరు. గా నమ్మకమే నాకు ఉన్న ఆస్తి. జర సోంచాయించి అడగండ్రి."

ఆలోచించే అడిగాను. ఆయన కాదంటే నేను చేయగలిగినది ఏమీ లేదు. ఆ చిప్ ఏ సంవత్సరంలో మారిందో ఈ లోకంలో తెలిసినవాడు ఆయన ఒక్కడే. కాగితం లేదు, సాక్షి లేడు. ఆయన మౌనంగా ఉన్నంతకాలం ఐలేశం మల్లన్నను చంపినవాడే.

పన్నెండున్నరకు నలభై రెండు సెకన్లు. ఒంటి గంట దగ్గరపడుతుంటే గదిలో ఒక మార్పు వచ్చింది. దాన్ని నేను శాస్త్రపరంగా వివరించలేను. గాలి ఆగినట్టయింది. రేడియో చుక్కలు ఒక దారిన, అంకెలు మరొక దారిన నడుస్తుంటే ఇంట్లో రెండు మధ్యాహ్నాలు ఉన్నట్టు అనిపించింది.

ఢిల్లీ నుంచి ఒంటి గంట పొడుగు కూత వచ్చింది. బల్ల మీది అంకెలు పన్నెండు గంటల యాభై ఎనిమిది నిమిషాల ముప్పై అయిదు సెకన్లు చూపాయి.

నేను రేడియో కట్టేశాను. గడియారం తన ఒంటి గంట వైపు నెమ్మదిగా నడుస్తూనే ఉంది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఈ అంకె మీదే విచారణ కాగితంలో నా సంతకం ఉంది.

జానమ్మ ఆ రోజు మొదటిసారి లోపలివైపు తిరిగింది. గడప మీంచి లేచి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు, అంకెలు వస్తాయి.

"ఇంక ఒంటి గంట కాలే," అంది, మాకెవరికీ చెబుతున్నట్టు కాదు. "గీ డబ్బల ఆయన ఇంక బతికే ఉన్నడు."

గోడ దగ్గర ఐలేశం పెదవులు కదులుతున్నాయి. తొమ్మిదేళ్లుగా లెక్కపెడుతున్న ఎనభై అది. ఇప్పుడు ఆ లెక్క బయట, ఎర్రగా, అందరి ముందు నడుస్తోంది. అరవై దగ్గర అతని పెదవులు ఆగిపోయాయి.

"బంద్ చెయ్యుండ్రి," అన్నాడు మెహమూద్.

నేను కదలలేదు.

"సాబ్, బంద్ చెయ్యుండ్రి దాన్ని. ఆ చిప్ నేనే మార్చిన."

అంకెలు ఒంటి గంటకు చేరిన తర్వాత యోహాను లేచి తన కుర్చీని మెహమూద్ వైపు జరిపాడు. ఆయన కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని చెప్పాడు.

"ఎనభై ఏడు, ఫిబ్రవరి. మా బిడ్డ ఖమర్ లగ్గమైన నెల, అందుకే తారీఖు గూడ చెప్పగల్గుత: పందొమ్మిది. స్టేషనాయన డబ్బా పట్కొచ్చిండు. నంబరు రాసుకోనీకి చిప్ మీద చీటీ లేపిండ్రంట, మూత ఇప్పి కిటికీల పెట్టి రోజుల తరబడి మర్చిపోయిండ్రంట. ఎండకు అండ్ల ఉన్నదంత తుడుచుకపోయింది."

ఇది నిజమే కావచ్చు. అటువంటి చిప్ నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాని మీద ఎండ పడుతూ ఉంటే లోపలి ప్రోగ్రాం చెరిగిపోతుంది. చీటీ అంటించేది పేరు కోసమే కాదు, వెలుగు పడకుండా.

"హైదరాబాదుల పాత సామాన్ల గసుంటి డబ్బనే ఒకటి దొరికింది. అండ్ల చిప్ తీసి ఇండ్ల పెట్టిన. మంచిగ నడిచింది. మీద నాలుగు అని ఉండె. నాకు ఎర్కే."

"ఎరుకైతే దాని మీద రెండు అనే చీటీ ఎందుకు అంటించారు?"

"అది మా ఇంటి రివాజు సాబ్." ఆయన నా ముఖంలోకి చూశాడు. "మా అబ్బా నేర్పిండు. గడియారంల మిషిన్ మొత్తం మార్చు, గని దాని పేరు మార్చకు. తెచ్చినోడు తన గడియారమే తీస్కపోతున్న అనుకోవాలె. చీటీ అంటె దాని పేరు. ఎట్ల పారేస్త? లక్క కాచి పదిలంగ అంటించిన. తప్పు చేస్తున్న అని గాదు, అదబ్, మర్యాద చేస్తున్న అనుకున్న."

"తర్వాత కేసు సంగతి మీకు తెలియదా?"

"తెల్సు. డబ్బా సరిగ్గ ఉన్నదని మీరు చెప్పిండ్రని పేపర్ల చదివిన. మీరు చెప్పినంక ఇంకేమున్నది? కరెంటు పోతె అది గిట్ల నడుస్తదని నాకేం తెల్సు? మొన్న మీరు దుకాణానికొచ్చి చెప్పినంకనే తెల్సింది. గా దినం కెల్లి ఏ గడియారం ఇప్పినా, కింద ఇంకో పేరు ఉన్నట్టే అనిపిస్తాంది. ఒకటి ఇప్పి చూస్తున్న, మళ్ల బిగిస్తున్న, మళ్ల ఇప్పుతున్న. గిరాకీలు నవ్వుతున్నరు."

ఈ సంగతి రాతలో పెడితే కేసు తిరగదోడతారని, పోలీసులు ఆయన దుకాణం మెట్లు ఎక్కవచ్చునని, ఊళ్లో ఆయన మాట పలచబడుతుందని చెప్పడం నా విధి. చెప్పాను.

"ఎక్కనియ్యుండ్రి," అన్నాడు. "ఏడ సంతకం పెట్టాలె?"

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నలభై ఏళ్లు తరగతి గదుల్లో నిలబడి మాట్లాడినవాణ్ణి, అయినా మాట సాఫీగా రాలేదు. పరీక్షించిన రోజు నేను మూత విప్పలేదని, పై చీటీకి, రిజిస్టరుకు పొంతన కుదిరితే చాలుననుకున్నానని, కరెంటు తీసి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదని, ఆ తప్పు మెహమూద్‌ది కాదు నాదేనని, పేలుడు జరిగింది ఒంటి గంట దాటిన మూడు నాలుగు సెకన్లకేనని, ఐలేశం నియమం తప్పలేదని చెప్పాను.

జానమ్మ నా వైపు చూసింది.

"కూసోండ్రి సారూ. మీరు నిలబడితె మా ఆయన తిరిగి రాడు."

కూర్చున్నాను.

ఐలేశం ముఖంలో సంతోషం కోసం వెతికాను; సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, అది నా కోసమే వెతికాను. అక్కడ సంతోషం లేదు. అతను తన చేతిని తువ్వాలు కింది నుంచి తీసి, ఎవరిదో చూసినట్టు చూసుకుంటున్నాడు. అప్పుడు అతని ముఖంలో మరేదో పొడసూపింది. భయమని చెప్పాలి.

జానమ్మ అది నాకన్న ముందే పట్టుకుంది. ఆమె అన్న ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"అన్నా," అంది.

తొమ్మిదేళ్లలో ఆ పిలుపు అతని చెవిన పడటం అదే మొదటిసారి. అతను కళ్లు మూసుకున్నాడు.

"నువ్వు ఒంటి గంటకే పేలిస్తె, ఒంటి గంట దాటినంక ఆయన ఆడ ఏం చేస్తున్నడు? ఆయనకు గడియారం లేకున్నా పొద్దు చూసి నిమిషం చెప్పేటోడు. గోడెనకకు అందరి కన్న ముందుగల్ల ఉరికేటోడు. పిరికోడని మీరే నవ్వేటోళ్లు."

"నవ్వేటోళ్లం," అన్నాడు ఐలేశం.

"మరి?"

అతను కళ్లు తెరిచాడు. "గుంతల ఉన్నది ఆయన ఒక్కడే గాదు, చెల్లె."

యోహాను డైరీ మూయబోయి ఆగిపోయాడు.

"దుమ్ము లేసినంక చూసిన. గుంతలకెంచి ఒకలు లేచి ఉరికిండ్రు. ఎవలో ఆనవాలు పట్టిన. బావ ఆళ్లను గుంజుకరానీకి పోయి ఉంటడు. నేను ముందుగల్ల పేల్చిన అన్నరు గద. గట్లయితె ఆళ్లు ఆడ ఉండుడు తప్పు గాదు, తప్పంత నాదే. ఇంకొకల పేరు ఎందుకు గుంజాలె అని నోరు మూసుకున్న. జైల్ల గూడ చెప్పలే." అతను నుదురు తుడుచుకున్నాడు. "ఇప్పుడు సారు అంటున్నడు, నేను ముందు పేల్చలేదని. అయితె ఆళ్లు యాళ్ల దాటినంక గుంతల ఉన్నరు. ఆళ్లకు యాళ్ల తెల్సు. ఇంక తప్పు ఆళ్ల మీదికి పోతది."

"ఎవరు?"

"బతికే ఉన్నరు."

"ఎవరన్నా?"

ఐలేశం తల ఎత్తాడు. కుర్చీ వీపు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్న మెహమూద్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"చెప్త. గని సారూ, నేను పేరు చెప్పినంక గీ గదిల ఇంకేది ఎవ్వలకు యాదుండది. గీ ముసలాయన చేసిన పని గూడ యాదుండది. ముందుగల్ల ఆయన చేసింది రాయుండ్రి. రాసి సదువుండ్రి. గప్పుడు చెప్త."

అతను అడిగింది న్యాయం. జానమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించుకుని ఆగింది. నేను కాగితం తీసుకుని రాశాను. రాసినది నిలబడి, అక్షరం తప్పకుండా చదివాను.

"ఇందుమూలంగా నమోదు చేయడమేమనగా: పాలమూరు క్లాక్ టవర్ వద్ద గడియారాల మరమ్మతు చేయు మెహమూద్ గారు, ఏ అధికారి పిలవకుండా, తమకు వ్యతిరేకంగా ఏ కాగితమూ సాక్షీ లేవని ఎరిగియుండి, మౌనంగా ఉన్నచో తమకు ఏ నష్టమూ కలగదని ఎరిగియుండి, పంతొమ్మిది వందల ఎనభై ఏడు ఫిబ్రవరి పంతొమ్మిదవ తేదీన తామే చిప్ మార్చి పాత చీటీ అంటించితిమని, ఈ దినము ఒంటి గంట దాటిన పిమ్మట, నలుగురి ఎదుట స్వయముగా చెప్పినారు. ఈ మాట వలన ఐలేశము నిర్దోషి అని తేలుచున్నది. విద్యావంతుడనైన నేను నాడు మూత విప్పి చేయవలసిన పనిని, ఆయన నేడు నోరు విప్పి చేసినారు. ఇందుకు హాజరైన వారందరి పక్షమున ఆయనకు కృతజ్ఞత తెలుపుచు, నా సంతకమును ఆయన సంతకమునకు దిగువన ఉంచుచున్నాను."